గోతి మీద వంచే జెండా

బొగ్గుగనులు మూతపడిన ఆ కాలనీలోని రెండు ఫుట్‌బాల్ క్లబ్బులూ కలిసిపోవాలా వద్దా అని ఆ సాయంత్రం ఓటింగు. యాభై ఏళ్లుగా తన క్లబ్బు జెండా మోస్తున్న ఆల్విన్ హాలు బయట బెంచీ మీదే కూర్చుండిపోయాడు. అవతలి క్లబ్బు పాత గోల్‌కీపర్ గిస్బెర్ట్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"లోపలికి రావేంరా? నీ ఓటు కూడా కావాలి."

"మోకాలు నొప్పి."

"ఓటు మోకాలితో వెయ్యరుగా."

"మీ జట్టులో ఎంతమంది మిగిలారు?"

"ఏడుగురు. మీకో?"

"ఆరుగురు. ఒకడికి కాలు విరిగింది."

"కలిస్తే జట్టూ అవుతుంది, బయట కూర్చోబెట్టడానికి ఒకడూ మిగులుతాడు."

"నవ్వకు. హిట్లర్ వచ్చిన ఏడాది కార్మికుల క్లబ్బని మాదాన్ని మూయించారు. మా నాన్న జెండాని పరుపులో పెట్టి కుట్టేసి, పన్నెండేళ్లు దానిమీదే పడుకున్నాడు. ఆయన పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం ఆ జెండానే సమాధి గోతి మీద మూడుసార్లు వంచాను. మా అన్నకీ అంతే."

"తెలుసు. చూశాగా."

"కలిస్తే కొత్త జెండా వస్తుంది. పాతవి అద్దాల బీరువాలోకి పోతాయి. రేపు నామీద వంచేది ఎవరిదో తెలియని గుడ్డ."

గిస్బెర్ట్ అతని వైపు తిరిగాడు.

"బీరువా తాళం నా దగ్గరుంటుంది. మీది నేను తెస్తాలే."

"నువ్వా? మా జెండాని?"

"ముందు నేను పోతే మాది నువ్వు తేవాలి మరి."

ఆల్విన్ బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"మీది బరువెక్కువరా," అంటూ లోపలికి వెళ్లి, కలవడానికే చెయ్యెత్తాడు.