వెనక చూద్దాం

వాన వెలిసిన మధ్యాహ్నం, గ్యారేజీలో నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డున్న తెల్లకారు ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన గ్యారేజీ నడిపే మెకానిక్ బావ, ఆ కారులో జనానికి డ్రైవింగ్ నేర్పే ఆయన మరదలు.

"ఊగుతోంది, ఊగుతోంది అంటే ఎలా? సరిగ్గా చెప్పి ఏడువు."

"ఎన్నిసార్లు చెప్పను బావా? తోక తిప్పుతోంది. మలుపులో స్టీరింగు ఒకవైపు తిప్పితే వెనకభాగం నా దారి నాదే అంటోంది."

"బండి సంగతా, మీ అక్క సంగతా?"

"అక్కకి చెప్పమంటావా ఆ మాట?"

"వద్దులే. తిన్నని రోడ్డు మీద ఎలా ఉంటుంది?"

"బుద్ధిగానే ఉంటుంది. పొడి రోడ్డయితే మలుపులో కూడా ఏమీ అనదు. తడిస్తేనే దయ్యం పడుతుంది దీనికి."

"నిన్న అసలేం జరిగింది? మీ అక్క సగం చెప్పింది, సగం ఏడ్చింది."

"నా దగ్గర ఒక తోటమాలి నేర్చుకుంటున్నాడు, పెద్దాయన. ఆయనే నడుపుతున్నాడు. గోడౌన్ల పక్క మలుపులోకి రాగానే భయపడి యాక్సిలేటరు మీంచి కాలు తీసేశాడు. అంతే. వెనకభాగం గిర్రున తిరిగి ముందుకొచ్చేసింది. వచ్చిన దారినే చూస్తూ వెళ్ళి గోడకి కొట్టుకున్నాం."

"నీ వైపు కూడా ఒక బ్రేకుంటుందిగా. అది తొక్కలేదు కదా నువ్వు?"

"నువ్వూ మొదలెట్టావా?"

"అడగాలా వద్దా? డాక్టరు దగ్గరికెళ్తే ఏం తిన్నావని అడగడూ?"

"తొక్కలేదు. తొక్కలేదు బావా. మా స్కూలు ఓనరు మాత్రం తొక్కేశాననే అంటున్నాడు. 'ఆడవాళ్ళకి కంగారెక్కువమ్మా, తొక్కేసి మర్చిపోయుంటావు' అని నవ్వుతాడు. ఛీ, ఆ నవ్వు చూస్తూ నిలబడాలంటేనే రోత పుట్టింది. బండిలో లోపముందని సాయంత్రంలోగా మెకానిక్ చెప్తే సరే, లేకపోతే రేపట్నించి రానక్కర్లేదన్నాడు."

"తోటమాలికి ఎలా ఉంది?"

"భుజం ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆయన నాకు దణ్ణం పెడుతున్నాడు బావా! 'నా కాలు చేసిన తప్పమ్మా, నా వల్ల మీ ఉద్యోగం పోతోంది' అంటూ. నాకంటే ముందే ఓనరు వెళ్ళి చెవిలో ఊదొచ్చాడు. నా దగ్గర నా తప్పంటాడు, ఆయన దగ్గర ఆయన తప్పంటాడు. బండి మాత్రం పతివ్రత."

"థూ, ఏం మనుషులే వీళ్ళు! డిక్కీ తియ్యి. బరువేమన్నా మోస్తోందేమో చూద్దాం... అబ్బా! ఏంటీ కంపు?"

"ప్రాక్టీసుకి పెట్టే కోన్లు. తడిసిన టార్పాలిన్ పట్టాలు కూడా ఉన్నట్టున్నాయి."

"కోన్ల కింద ఇదేంటి మెత్తగా... యాక్! చెయ్యి పెట్టేశాను! ఎవరిదీ అన్నం డబ్బా?"

"నాది కాదు. స్కూల్లో మూడు బళ్ళున్నాయి, మూడూ తెల్లవే, రోజుకొకరం మార్చి మార్చి తీస్తాం. ఎవరు మర్చిపోయారో ఏమో."

"మర్చిపోయి ఎన్నాళ్ళయిందో! బూజు గడ్డం పెంచేసింది లోపల. ఇంకాస్త ఆగితే లైసెన్సు కూడా అడిగేది. తీసి అవతల పారెయ్, నా కళ్ళముందు ఉంచకు. మనుషులెక్కే బండేనా ఇది?"

"బరువు వల్లేనా మరి?"

"ఈ కాస్త బరువుకి అంత గిర్రున తిరగదు. గాలి చూద్దాం."

"పొద్దున నేను చూపించాను. నాలుగింట్లోనూ సరిగ్గానే ఉంది."

"నువ్వు చూపించావు, నేను చూడలేదుగా. ఊఁ... సరిగ్గానే ఉంది. అదొక్కటన్నా సవ్యంగా ఏడ్చింది. ఇటు రా, ఈ మూల పట్టుకుని బలంగా కిందికి నొక్కి వదులు."

"వదిలాను."

"ఎగురుతోందా ఇంకా?"

"లేదు. ఒకసారి లేచి ఆగిపోయింది."

"ఆ మూల?"

"అదీ అంతే."

"అంటే షాకబ్జార్లు బతికే ఉన్నాయి. అవి పోతే పరుపెక్కిన పిల్లాడిలా ఎగురుతూనే ఉండేది."

"అంటే లోపం లేదంటావా?"

"అప్పుడే ఆ మొహం పెట్టకు. జరుగు, జాకీతో ఎత్తుతున్నాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే... బేరింగు గట్టిగానే ఉంది. ఇటూ అటూ ఊపితే... కదలట్లేదు. ఆ ఇనప రాడ్డు అందుకో. ఇరుసుకీ బండికీ మధ్య రబ్బరు బుష్షులుంటాయి, అవి చిరిగితే కూడా తోక ఆడిస్తుంది... థూ! థూ!"

"ఏమైంది?"

"నోట్లో పడింది."

"ఏం పడింది?"

"బురదో, పేడో, ఎలకో! ఈ బండి అడుగు ఎప్పుడన్నా కడిగారా? అసలు మీ ఓనరు మొహం కడుక్కుంటాడా?"

"బోర్డు మాత్రం రోజూ తుడిపిస్తాడు. దూరానికి మెరవాలంటాడు."

"పైన పటారం, లోన లొటారం. నీళ్ళివ్వు, పుక్కిలిస్తాను... ఛీ, ఇంకా పళ్ళ కింద కరకరమంటోంది. బుష్షులూ బాగానే ఉన్నాయి."

"అయితే నా ఉద్యోగం పోయినట్టే."

"నోర్ముయ్. నేను చూస్తుండగా పోయినట్టే అంటావేంటి? ఏదో ఉంది. ఉట్టినే తిరగదు బండి... ఆగు. ఇదేంటి?"

"ఏది?"

"ఈ వెనక టైరు మీద చెయ్యి పెట్టు. మురికైతే అవనీ, పెట్టు."

"నున్నగా ఉంది."

"నున్నగానా? మా నాన్న గుండు ఇంతకంటే గరుకు. అటుపక్క టైరు?"

"అదీ అంతే."

"ఇప్పుడు ముందు టైరు మీద పెట్టు."

"గాట్లు లోతుగా ఉన్నాయి. వేలు దిగుతోంది."

"సరికొత్తవి ముందు, అరిగి చచ్చినవి వెనక! ఛీఛీఛీ! ఇంతసేపూ బండి కింద దొర్లి మన్ను తిన్నాను, రోగం కళ్ళెదురుగానే ఉంది. ఎవడే ఈ పని చేసింది?"

"ముందు వేస్తే తప్పా బావా? ముందు చక్రాలే కదా ఈ బండిని లాగేవి. కొత్తవి అక్కడే ఉండాలంటారు అందరూ."

"అందరికీ తెలిస్తే నా దగ్గరికెందుకొస్తారు? విను. తడి రోడ్డు మీద టైరు ఆ గాట్లలోంచి నీళ్ళని బయటికి తోసెయ్యాలి. గుండు టైరు తొయ్యలేదు, నీళ్ళ మీద తేలుతుంది. ముందువి తేలాయనుకో, బండి తిరగనని మొండికేస్తుంది. నీ చేతికి తెలుస్తుంది, భయపడి మెల్లగా పోతావు. ఇక్కడ ముందువి కొత్తవి. అబ్బ, ఎంత బాగా పట్టుకుంటోందో అని ధైర్యంగా మలుపులోకి పోతావు. అప్పుడు కాలు తీశావా, బరువంతా ముందుకి ఒరిగి వెనక తేలికైపోతుంది. అసలే గుండు, ఆపైన తేలిక. ఇంకేముంది, తోకొచ్చి ముందు కూర్చుంటుంది."

"అదే! అచ్చం అదే జరిగింది."

"ఆ స్టీరింగు మీద నువ్వున్నా తిరిగేది, నేనున్నా తిరిగేది. ఆ తోటమాలి పాపం ఏం చేస్తాడు?"

"ఈ మాట ఓనరుకి ఫోన్లో చెప్పు బావా. ఇప్పుడే చెప్పు."

"ఉండవే. ఇది చేసిన గాడిద ఎవడో ముందు తేలాలి. ఆ నాలుగు రోడ్ల దగ్గరి షాపువాడేగా?"

"వాడు కాదు."

"వాడే. ఇలాంటి రోత పనులు వాడికే చేతనవుతాయి."

"కాదన్నానుగా. టైమవుతోంది, ఫోను చెయ్యి."

"మరెవడు? ఎప్పుడు వేయించారు?"

"వానలు మొదలవక ముందు. ఓనరు రెండే కొన్నాడు, మిగతా రెండూ తర్వాత కొంటానన్నాడు."

"అది సరే, ఎక్కడ వేయించారు?"

"ఎక్కడో ఒకచోట. షాపులోనే."

"ఏంటే నీళ్ళు నములుతున్నావు? వాడు నీకేమన్నా చుట్టమా?"

"చుట్టమే అనుకో. ఏం చేస్తావు?"

"చుట్టమైనా, పక్కమైనా, వాణ్ణి వదలను. మనిషి ఎముక విరగ్గొట్టి, నీ కూడు పడగొట్టి, పైగా హాయిగా తిరుగుతున్నాడా? మీ ఓనరుకి ఫోను కలిపి, ఆ గాడిద నోటితోనే 'ఇది నా నిర్వాకమండీ' అని చెప్పిస్తాను. చెప్పించకపోతే నా పేరు మార్చుకుంటాను."

"ఒట్టా?"

"మీ అక్క మీద ఒట్టు."

"అక్కనెందుకు లాగుతావు మధ్యలో? నీ మీద వేసుకో."

"నా ప్రాణాల మీద ఒట్టు. చాలా?"

"చాలు. బాబాయ్! టైర్ల బాబాయ్! ఒక్కసారి ఇటు రా!"

"ఆయన్నెందుకు పిలుస్తావు? అక్కడేదో పంక్చరు వేసుకుంటున్నాడు, వేసుకోనీ."

"పిలిచావా తల్లీ?"

"బాబాయ్, ఈ బండికి కొత్త టైర్లు వేసిందెవరు?"

"నేనే. నువ్వు ఆ స్టూలు మీదే కూర్చున్నావుగా అప్పుడు."

"ఆగాగు. మన షాపులోనా?"

"మన షాపులో కాక మా అత్తారింట్లోనా అబ్బాయ్?"

"నీకేమన్నా మతి ఉందా బాబాయ్? జుట్టు నెరిసేదాకా టైర్లే వేశావు. రెండే కొత్తవైతే వెనక వెయ్యాలని తెలీదూ? చూడు ఇటు, ఛీ, ఇది టైరా, గుమ్మడికాయా? మనిషి భుజం విరిగింది దీని వల్ల!"

"నువ్వు చెప్పినట్టే వేశాను."

"నేనా? నేనెప్పుడు చెప్పాను?"

"ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవు. ఎక్కడో దారిలో ఆగిపోయిన లారీ దగ్గరున్నావు. ఫోను చేశాను. డ్రైవింగ్ స్కూలు బండొచ్చింది, రెండు కొత్త టైర్లు తెచ్చారు, ఏం చెయ్యమంటావని అడిగాను. అరిచి ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు."

"ఏం ముక్క?"

"స్పీకర్లో పెట్టాను, అమ్మాయి కూడా వింది. చెప్పు తల్లీ."

"'కొత్తవి ముందు వెయ్యి, పాతవి వెనక చూద్దాం' అన్నావు బావా."

"అవును! అంటే? ముందంటే మొదట! మొదట ఆ పని కానిచ్చెయ్యి, పాతవాటి సంగతి తర్వాత చూద్దామని!"

"బండికి ముందుంటుంది, వెనకుంటుంది అబ్బాయ్. కొత్తవి ముందు వేశాను. పాతవి వెనక వేశాను, వేసి చూశాను కూడా. గాలి దిగలేదు."

"గాలి దిగలేదట! తడిలో ఏమవుతుందో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ వేశావా!"

"కొత్తవి వెనక కదా అని నోటిదాకా వచ్చింది. మళ్ళీ ఫోను చేద్దామనుకున్నాను కూడా. కానీ అంతకుముందోసారి ఇలాగే ఏదో అడిగితే, అందరి ఎదుటా నన్నేమన్నావు? 'చెప్పింది చెయ్యి, నీ బుర్ర వాడకు' అన్నావు. అప్పట్నించి వాడట్లేదు."

"నువ్వైనా అనొచ్చుగా మరదలా! స్టూలెక్కి చూస్తున్నావుగా!"

"నాకు తెలిస్తే కదా. నీ మాట మీద నాకంత గురి. నిన్న గోడకి కొట్టుకున్నాక అనుమానం మొదలైంది."

"మరి రాగానే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బండి చూసేవాడివా? నాతో దెబ్బలాట చూసుకునేవాడివి. నీ కంటితో నువ్వే కనిపెట్టాలని ఊరుకున్నాను."

"సరే, ఏదో మాట దొర్లింది. అయినా రోడ్డు తడిగా ఉంది. డిక్కీ నిండా చెత్త. మీ ఓనరు నాలుగూ కొనుంటే ఈ గొడవే లేదు. ఆ తోటమాలి కాలు తియ్యకుండా ఉంటే కూడా... పోనీ ఇలా చేద్దాం. టైర్లు అరిగాయని మాత్రం చెప్తాను. ఎవరు వేశారు, ఎక్కడ వేశారు, అదంతా ఇప్పుడెందుకు? నీ ఉద్యోగం నిలబడుతుంది, నా షాపు పరువూ నిలబడుతుంది."

"ఛీ."

"ఏంటి ఛీ?"

"ఓనరూ అచ్చం ఇలాగే మాట్లాడాడు బావా. ఇలాగే, నా కళ్ళలోకి చూడకుండా. అరిగాయని చెప్తే ఏమంటాడో తెలుసా? అరిగిన టైర్లతో బండి ఎందుకు తీశావంటాడు. మళ్ళీ నా మెడకే. లేదంటే ఆ తోటమాలి మెడకి. అక్కడాయన మంచం మీద పడుకుని తన కాలిని తనే తిట్టుకుంటున్నాడు. అది గుర్తొస్తే నాకు అన్నం దిగట్లేదు. నీకు దిగుతుందా?"

"పోనీ నేనే వేశానని చెప్పెయ్ అబ్బాయ్. ముసలాణ్ణి, నన్నెవరేమంటారు?"

"నువ్వూరుకో బాబాయ్! అసలే రోతగా ఉంది నాకు."

"ఆ బూజు డబ్బా వల్లేమో బావా, నిమ్మకాయ వాసన చూడు."

"డబ్బా వల్ల కాదు. నా మాటలకే. ఛీ, ఏం కూతలు కూశాను ఇందాక! ఆ ఫోను తియ్యి మరదలా. నా చేతులు మురికి, నువ్వే కలుపు."

"స్పీకర్లో పెట్టనా?"

"వద్దు... పెట్టు. పెట్టు, బాబాయ్ కూడా విననీ."

"మోగుతోంది. ఇదిగో, ఎత్తాడు."

"ఓనరుగారా? నేనండీ, మెకానిక్‌ని. చూశానండీ బండి. మా మరదలి తప్పు లేదు, తోటమాలి తప్పు అసలే లేదు. కొత్త టైర్లు ముందుకీ గుండు టైర్లు వెనక్కీ వేయించాడండీ ఒక గాడిద. ఆ, దొరికాడండీ. ఇక్కడే ఉన్నాడు. మీతో మాట్లాడుతున్నాడు."