చక్కెర కొండ పక్కన ఒక్క చెంచా

అధ్యక్షులు, మిల్లు మేనేజర్ రొనీల్ గారికి, చాప మీద ముందు వరుస పెద్దలకు, క్లినిక్ సిస్టర్ మెరెవాయి గారికి, మత్తెక్కించే యంగోనా పానీయం గిన్నె చుట్టూ, అపిసాయి మామ వీడ్కోలుకు చేరిన నా తోటి పనివాళ్లకు నమస్కారం. నాకు ప్రసంగాలు రావు. క్రేను కొక్కేనికి చెరకు కట్టలు తగిలించడం వచ్చు, పైన క్రేను నడిపేది అపిసాయి మామ అయితే ఆ కట్ట కింద భయం లేకుండా నిలబడటం వచ్చు.

ఆరేళ్లు అలాగే నిలబడ్డాను. మొన్న ఆగస్టులో ఒక ఉదయం కట్ట నా నెత్తిమీద ఊగి, ఆగిపోయింది. నిచ్చెనెక్కి చూస్తే మామ కళ్లు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. "రాత్రంతా గిన్నె వదల్లేదురా ముసలాడు!" అన్నాం. (నవ్వులు) నవ్వండి, ఆ మాట ముందు అన్నది నేనే. మొహాన నీళ్లు కొట్టాం. పక్క గోదాములో కొండంత చక్కెర ఉంది, ఆయన నోట్లో ఒక్క చెంచా వేసినవాడు లేడు. సిస్టర్ వచ్చి వేలు గుచ్చి చూస్తే గానీ తెలియలేదు, అది మత్తు కాదు, రక్తంలో చక్కెర పడిపోయిందని.

"నేనిచ్చిన చక్కెర జబ్బు మాత్ర కాక ఇంకేమైనా మింగుతున్నావా?" అని ఆమె అడిగితే మామ లేదన్నాడు. నేను నోరు మూసుకున్నాను. క్లినిక్ మాత్ర మీద రోజూ కాకర క్యాప్సూళ్లు మింగుతున్నాడు, తెచ్చిచ్చింది నేను. "కాయే కదా మామా, ఏం చేస్తుంది?" అన్నాను. రెండూ కలిసి చక్కెరను మరీ కిందికి లాగేస్తాయని తర్వాత చదివాను. తర్వాత!

మేనేజర్ గారూ, సిస్టర్ కాగితం రాసిచ్చినా మీ రిజిస్టర్లో ఇంకా "మత్తులో డ్యూటీ" అనే ఉంది. ఆ మాట ఉంచి మామ మెడలో ఈ దండ ఎందుకండీ?

"కూర్చోరా విలివే!" అంటోంది లితియా అత్త. కూర్చుంటానత్తా. రేపు నీ మొగుడు పడవెక్కి దీవికి పోతున్నాడు, అక్కడ వేలు గుచ్చి చూసే సిస్టర్ లేదు. మామా, ఆ కాకర క్యాప్సూళ్ల సీసా ఇప్పుడూ నీ జేబులోనే ఉంది. ఇంటి మందు గురించి నోరు విప్పితే పనిచేయదని మీ అమ్మ చెప్పిందిలే. ఆ రోజు నువ్వూ నేనూ నోరు విప్పకపోతేనే కదా ఇంత దూరం వచ్చింది! క్లినిక్ మాత్ర నీ అంతట నువ్వు మానకు, ఇది నీ అంతట నువ్వు కలపకు. తీసి ఆమెకు చూపించు.

(అపిసాయి మామ లేచి, సీసా సిస్టర్ చేతిలో పెట్టారు.)

ఆయన తన జేబు ఖాళీ చేశారు మేనేజర్ గారూ. మీ జేబులో పెన్ను ఉంది.

ఆరేళ్లు నా నెత్తిమీద బరువు జారనివ్వని ఆ చేతులకు దండం పెట్టి, ఓపిగ్గా తిట్లు తిన్న మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పి, సెలవు.