లప్పం కింద ఇనుము

అమ్మాయి ముచ్చటపడి కొన్న పాత జీపు చుట్టూ ముసలి మెకానిక్ అయస్కాంతం పట్టుకుని తిరుగుతున్నాడు. ఎక్కడ పెట్టినా అది జారి పడుతోంది.

“రంగు చూసి మోసపోయావమ్మాయ్. రేకంతా తుప్పు తినేస్తే, పైన లప్పం పూసి అమ్మేశారు.”

“తలుపులు కూడానా, బాబాయ్?”

“అవీ అంతే. నీకంటే ముప్పై ఏళ్ళు పెద్దది మరి!”

“తుక్కు కొంటున్నావని నాన్న మొత్తుకున్నారు. విన్నానా?”

“ఉండు, కింద చాసిస్‌కి పెడదాం.”

“టప్పున అంటుకుంది!”

“లాగి చూడు.”

“రెండు చేతులతో లాగినా రావట్లేదు!”

“ఎముక గట్టిదే. పొద్దున ప్లగ్గులు మార్చి పెట్రోలు పోశాను. ఇదిగో హ్యాండిల్, ముందు నుంచి తిప్పు. బొటనవేలు మాత్రం చుట్టకు, ఎదురు తన్నిందంటే విరుగుతుంది.”

“పదకొండేళ్ళుగా కదలని బండి, నేను తిప్పితే లేస్తుందా?”

“తిప్పమంటుంటే!”

“అమ్మో! నేలంతా అదురుతోంది! బాబాయ్, మీరెందుకు టోపీ తీసేశారు?”

“పెద్దావిడ లేచింది కదమ్మా.”

“నాన్నకి ఫోన్ చేసి ఏమని చెప్పను?”

“నువ్వేం చెప్పకు. ఫోను బానెట్ మీద పెట్టు.”