రికార్డు నొక్కకముందు

"ఫోనుతో పెళ్లి తీస్తావా?" అని పెళ్లికూతురి నాయన సమాధానం అన్న అడిగిన ఆ ఒక్క మాటతో మొదలైంది ఇదంతా.

జువ్వలదిన్నె రేవు దారిలో రెబెక్కమ్మ టీ అంగడి. గాలి ఎక్కువగా ఉంటాదని చెప్పి ఆ రోజు పడవల్ని వేటకు పోనియ్యలా. పొద్దున పదికే బల్లలన్నీ నిండిపోయినాయి. పెళ్లిళ్లకు వీడియో తీసే తహీర్‌ని కావలి నుంచి నా ఆటోలో నేనే తీసుకొచ్చినా. సమాధానం అన్న కూతురు షారన్ పెళ్లి వీడియో బేరం మాట్లాడుకోడానికి వచ్చినాడు. అన్నకి ఒక్కతే కూతురు. డ్రోను, క్రేను తెస్తామని నెల్లూరోళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చిపోయినారు. తహీర్ జేబులోంచి మూల పగిలిన ఫోను ఒకటి తీసి బల్ల మీద పెట్టేసరికి అన్న మొహం ముడుచుకుంది.

"పెద్ద కెమెరా రిపేరులో ఉండాదన్నా," అన్నాడు తహీర్. "అయినా ఫోనని తక్కువగా చూడబాక. పోయిన ఫిబ్రవరిలో కోవూరు పద్మనాభయ్య గారి మనవరాలి పెళ్లి తీస్తా ఉన్నా. సరిగ్గా తాళి కట్టే టయానికి కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పెద్ద కెమెరాలోళ్లు చేతులెత్తేసినారు. నేనేం చేసినా? ఇదే ఫోను తీసి, పళ్లెంలో కర్పూరం బిళ్ల వెలుగుతా ఉంటే ఆ వెలుగులోనే తీసినా. ఇంటికి పోయి చూసుకుంటే పెళ్లికూతురి కంటి కొసన తడి కూడా కనపడతా ఉండాది."

"బాగుంది," అన్నాడు సమాధానం అన్న.

అది నమ్మదగ్గ మాటే. అక్కడితో ఆపి ఉంటే సరిపొయ్యేది. కానీ అన్న ఇంకా గడ్డం గోక్కుంటా కూర్చున్నాడు, తహీర్‌కి అది చాల్లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వీడియో తిరిగి తిరిగి ఫోను కంపెనీవాళ్ల కంట్లో పడింది. ఏ కంపెనీ అని అడగబాకండి, పేరు పలకనని సంతకం పెట్టించుకున్నారు. ఇంత పాత ఫోనుతో ఇంత పని చేసినోడు ఎవుర్రా అని ఆరా తీసినారు. సినిమాలు తీసేవాళ్ల కోసమని ఒక ఫోను తయారు చేస్తా ఉండారు వాళ్లు, వచ్చే ఏడాదికి గానీ బజార్లోకి రాదు. దాన్ని పరీక్ష చెయ్యమని నాకు పంపినారు. కావలి స్టేషన్లో రైలు రెండు నిమిషాలు ఆగతాదా, ఆ రెండు నిమిషాల్లో కోటేసుకున్న మనిషి ఒకడు దిగి, పెట్టె నా చేతిలో పెట్టి, మళ్లా అదే రైలెక్కి పోయినాడు. మూడు రోజులు నా కాడ ఉండాది."

"మూడు రోజులా!" అన్నాడు పెంచలకృష్ణ. పడవ నడిపే మనిషి, పెద్దగా మాట్లాడడు. ఆయన నోట్లోంచి ఆ ఒక్క ముక్క వచ్చేసరికి తహీర్ బల్ల మీదే మఠం వేసుకోని కూర్చున్నాడు.

"మొదటి రోజు మీ రేవుకే తెచ్చినా. మీరంతా వేటకు పోయి ఉండారు. దూరంగా చీమంత ఓడ. జూము లాగినా, ఓడ దగ్గరికొచ్చింది. ఇంకొంచెం లాగినా, కెప్టెను కనపడినాడు. ఇంకొంచెం లాగితే ఆయన ఇడ్లీ తింటా ఉండాడు, చట్నీలో ఆవాలు ఏడో ఎనిమిదో. అవి లెక్కపెడదామని ఇంకొంచెం లాగినానా, వేలు జారింది. జూము ఓడని దాటిపోయింది!"

"దాటి యాడికి పోయింది?"

"అండమాను! అక్కడొకాయన అద్దం పెట్టుకోని గడ్డం గీసుకుంటా ఉండాడు. ఎడమ చెవి కింద నాలుగెంట్రుకలు వదిలేసినాడు. ఉండబట్టలేక 'అన్నా, అక్కడ' అన్నా. చెయ్యి పెట్టి తడుముకున్నాడు!"

"భూమి గుండ్రంగా ఉంటాది గదయ్యా, ఎట్టా కనపడతాది?" అన్నాడు సమాధానం అన్న.

"నేనూ అదే అడిగినా. లెన్సు వంగతాదంటన్నా."

బల్లల మీద గుసగుసలు లేచినాయి. ఒకాయన లేచి నిలబడి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకోని సముద్రం వైపు చూసినాడు కూడా.

"ఇంక కుదుపు సంగతి. బోగోలు నుంచి ఇక్కడికి రోడ్డెట్టా ఉంటాదో మీకు నేను చెప్పాలా? ఇదే కిషోర్ బాబు ఆటోలో కూర్చోని చేత్తో పట్టుకోని తీసినా. ఏం కిషోరూ?"

అందరూ నా వైపు తిరిగినారు. ఆ రోజుకు ముందు తహీర్ నా ఆటో ఎక్కిందే లేదు. కానీ పదిమందిలో మనిషిని పట్టుకోని లేదనడానికి నాకు నోరు రాలా. తలకాయ ఊపినా.

"చూసినారా! వీడియోలో ఒక్క కుదుపు లేదు, ఒక్క గుంత లేదు. నూనె మీద పోతా ఉన్నట్టు ఉండాది. ఆ రోడ్డు వేసినాయన ఎట్టా తెలుసుకున్నాడో ఏమో, మా ఇంటికొచ్చి కాళ్లు పట్టుకున్నాడు. ఆ వీడియో ఇచ్చినావంటే రోడ్డు బ్రహ్మాండంగా ఉందని పైవాళ్లకు చూపించుకుంటా అని."

"ఇచ్చినావా?"

"ఇస్తే ఈ జన్మలో మళ్లా రోడ్డు వేస్తారా? ఇయ్యలా. ఇంటికి పోయినా. మా ఇర్ఫానా మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు పెట్టింది. సరే రంగులెట్టా వస్తాయో చూద్దామని గిన్నె మీద పెట్టి తీసినా. ఏం రంగులన్నా! పైన తేలే నూనె, దాంట్లో కరివేపాకు. మా పిల్లి వచ్చి గిన్నె జోలికి పోలా, ఫోను నాకింది. పిల్లికేం తెలుసులే అనుకున్నా. ఆ వీడియో మా బామ్మర్ది హబీబ్‌కి పంపినా, గూడూరులో ఉండాడు. వాడు చూస్తా చూస్తా ఉండంగానే గొంతులో ముల్లు ఇరుక్కుంది!"

"ముల్లా!"

"ఆస్పత్రికి తీసకపోయి తీయించినారు. కావాలంటే గూడూరు పోదాం రండి, సీసాలో పెట్టుకోని ఉండాడు."

"యేసయ్యా," అన్నాడు సమాధానం అన్న గుండె మీద చెయ్యేసుకోని. నమ్మినాడో లేదో తెలీదు గానీ, నోరు మాత్రం తెరిచే ఉండాది. ముల్లు మాటకి నేను కూడా గుటక వేసినా.

"ఇది కాదన్నా. దాని మైకు చెప్తే మీరు కూర్చున్న చోట కూర్చోరు. సముద్రం హోరు ఒకపక్క, పడవ ఇంజన్లు ఒకపక్క, ఐదొందలమంది జనం. స్క్రీను మీద ఒక మనిషిని వేలితో తాకినావంటే, మిగతా మోతంతా చీపురు పెట్టి ఊడ్చినట్టు పోయి, ఆ మనిషి మాట ఒక్కటే వినపడతాది. రొయ్యల గుంట గట్టు మీద పెట్టినా. లోపల రొయ్యలు మాట్లాడుకుంటా ఉండాయి. 'నిన్నటి మేతే మళ్లా వేసినాడు చూడు' అంటా ఉండాది ఒకటి."

"తెలుగులోనా?"

"నెల్లూరు రొయ్యలు ఇంకే భాషలో మాట్లాడతాయి?"

అంగడి అదిరిపోయేలా నవ్వినారు. టీ వడకడతా ఉన్న రెబెక్కమ్మ మాత్రం నవ్వలా. జాలీ పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయి ఉండాది. అప్పుడు దాన్ని ఎవరం పట్టించుకోలా.

నవ్వు తగ్గిపోతుందేమోనని తహీర్ ఇంకా ముందుకు వంగినాడు. "అసలు సంగతి ఇప్పుడు చెప్తా. బిడ్డ నవ్వతాది. మనం ఫోను తీసి రికార్డు నొక్కేలోపల ఆ నవ్వు అయిపోతాది, అవునా? ఈ ఫోనులో ఆ బాధ లేదు. నొక్కకముందు ఐదు సెకన్లది కూడా పట్టేస్తాది."

"నొక్కకముందుది ఎట్టా పడతాదయ్యా?"

"పడతాది. నేను సెట్టింగుల్లోకి పోయి ఐదుని యాభై చేసినా. యాభైని ఐదొందలు చేసినా. గంటలొచ్చినాయి, రోజులొచ్చినాయి. అన్నింటికంటే అడుగున 'ఏళ్లు' అని ఒకటుండాది. అది నొక్కినా. మూడో రోజు, మా వరండాలో ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడి తీసినా. మా నాయన ఇమామ్ సాహెబ్ పోయి ఎనిమిదేళ్లు. ఆ కుర్చీలో కూర్చోని చేతి గడియారానికి కీ ఇస్తా ఉండాడు. తలెత్తి నన్ను చూసి, 'అన్నం తిన్నావా' అన్నాడు."

ఆ మాట చెప్పేటప్పుడు తహీర్ చూపు మా మీద లేదు. తను చెప్పేది తనే కాసేపు నమ్మినట్టున్నాడు. ఎవరూ నవ్వలా. నా చేతిలో టీ చల్లారిపోయింది. పెంచలకృష్ణ కళ్లార్పకుండా ఆ పగిలిన ఫోను వైపే చూస్తా ఉండాడు.

రెబెక్కమ్మ పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటా వచ్చి తహీర్ ముందు నిలబడింది.

"తమ్ముడూ, ఆ ఫోను మళ్లా ఒక్కరోజు తెప్పించగలవా?"

"ఎందుకక్కా?" అన్నాడు తహీర్ ఇంకా నవ్వు మొహంతోనే.

అతనికి తెలీదు, కావలి మనిషి. మాకు తెలుసు. రెబెక్కమ్మ మొగుడు తిమోతి నాలుగేళ్ల కింద వేటకు పోయి తుపానులో చిక్కుకున్నాడు. పడవ చెక్కలు ఒడ్డుకి వచ్చినాయి, మనిషి రాలా. ఆమె ఆ సంగతి ఎవరితోనూ ఎత్తదు. ఆ పొద్దున మా అందరి ముందరే ఎత్తింది.

"మా ఆయన పోయిన రోజు జెట్టీ మీదే ఉండా నేను. పడవ కదిలినాక వెనక్కి తిరిగి ఏదో అరిచినాడు. ఇంజను మోతలో నాకు వినపళ్లా. నాలుగేళ్లుగా నాకు అదే ఆలోచన, ఏం చెప్పినాడా అని. జెట్టీ అట్నే ఉండాది. ఆయన నిలబడిన చోటు నేను చూపిస్తా. మనిషి కనపడకపోయినా పర్వాలేదు తమ్ముడూ. ఇంజను మోత తీసేస్తాదన్నావే, ఆ ఒక్క మాట వినిపించు. చాలు."

తహీర్ మొహంలో నవ్వు పోయింది. "అంటే అక్కా... కంపెనీవాళ్లు... సంతకం..." అన్నాడు.

"వాళ్లని బతిమాలుకుందాం. నేను కూడా వస్తా. ఎన్ని రోజులైనా ఆగతా."

అతను మా వైపు చూసినాడు. నేను తల దించుకున్నా. ఆటో సంగతికి తలూపినోణ్ని నేనే గదా. నా వంతు కూడా ఉండాది ఆ అబద్ధంలో.

తహీర్ బల్ల మీంచి కాళ్లు కిందికి దించినాడు. లేచి నిలబడినాడు.

"లేదక్కా," అన్నాడు. "అట్టాంటి ఫోను లేదు. నాకెవరూ పంపలా. వచ్చే ఏడాది వచ్చేదాంట్లో జూము పెరగాల, చీకట్లో బొమ్మ ఇంకా బాగా రావాల, మైకు గాలి శబ్దం తగ్గించాల, అట్టా ఏమేం ఉంటే బాగుండునో ఒకాయన వీడియో పెట్టి చెప్తా ఉంటే విన్నా. ఆయనకి కూడా ఖాయంగా తెలీదు. మిగతాదంతా నా నోరు. నా పెద్ద కెమెరా పోయిన వానల్లో తడిసి చచ్చిపోయింది. ఈ పెళ్లి కూడా చెయ్యిజారిపోతాదేమోనని వాగినా."

"మరి మీ నాయన?"

తహీర్ బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"తీసినానక్కా. నిజంగానే తీసినా ఒకరోజు, ఈ ఫోనుతోనే. ఖాళీ కుర్చీనే వచ్చింది."

రెబెక్కమ్మ అతన్ని ఒక్క మాట అన్లా. తిట్టినా బాగుండేది. "సరేలే," అని పొయ్యి వైపు తిరిగింది. తహీర్ ఫోను జేబులో వేసుకోని, "పెళ్లి నెల్లూరోళ్లకే ఇచ్చుకో అన్నా" అంటే, సమాధానం అన్న అతని మోచెయ్యి పట్టుకోని "కూర్చో" అన్నాడు. షారన్ పెళ్లి చివరికి అతనే తీసినాడు, ఆ పగిలిన ఫోనుతోనే. అయితే ఆ పొద్దున పెళ్లి మాట మాకెవరికీ గుర్తులేకుండా పోయింది. ఎందుకంటే అప్పుడే పెంచలకృష్ణ గ్లాసు కింద పెట్టి, "వదినా" అని పిలిచినాడు.

ఆమె ఆగింది.

"నీకు వినపళ్లేదా ఆరోజు? నువ్వు చెయ్యి ఊపినావు గదా."

"ఊరికే ఊపినా. పోతా ఉన్న మనిషికి ఊపనా?"

"విన్నావనుకున్నా వదినా నేను. దేవుడి మీద ఒట్టు. పక్క పడవలో తాడు విప్పతా ఉండా. నాకు వినపడింది."

రెబెక్కమ్మ పొయ్యి గట్టు పట్టుకోని నిలబడింది. పెంచలకృష్ణ తహీర్ వైపు ఒకసారి చూసినాడు, మళ్లా ఆమె వైపు. ఏదన్నా పెద్ద మాట చెప్పాలని ఆయనకీ ఉన్నట్టే ఉండాది. పెదాలు తడుపుకున్నాడు గానీ, ఉన్నదే చెప్పినాడు.

"గ్యాసు పుస్తకం బియ్యం డబ్బా ఎనక పడింది, తీసి పెట్టు అన్నాడు."

"ఇంకా?"

"ఇంకేం అన్లా వదినా. అంతే."

రెబెక్కమ్మ మెల్లగా కింద, పీట మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలతా ఉండాయి. ఏడుస్తా ఉందనుకోని సమాధానం అన్న లేవబోయినాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చూస్తే నవ్వతా ఉండాది, కళ్లల్లో నీళ్లు కారతా ఉండంగానే.

"ఆరోజు గ్యాసోడు వచ్చినాడు," అన్నది. "పుస్తకం కోసం ఇల్లంతా తిరగేసినా. దొరకలా. సిలిండరు ఇయ్యకుండానే పోయినాడు వాడు. పొద్దుగూకేదాకా తిట్టుకుంటానే ఉండా ఆయన్ని, యాడ పెట్టినాడో ఒక్క మాట చెప్పి పోకూడదా అని."

ముక్కు తుడుచుకోని పెంచలకృష్ణ వైపు చూసింది.

"చెప్పే పోయినాడు," అన్నది.