ఆరో పోటు ఆదివారం

మన సహోద్యోగి శ్రీమతి తక్ ఇన్‌సుక్ గారు 1991 మార్చి రెండవ తేదీన, తమ ఇరవై ఆరవ యేట, కొరియా పడమటి తీరంలోని మన సోల్‌సోమ్ కరకట్ట గేట్ల కార్యాలయంలో సహాయకురాలిగా ప్రవేశించారు. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ గేట్లెత్తి లోపలి మంచినీటిని సముద్రంలోకి వదలడం, పోటు తిరిగే వేళకు సైరన్ మోగించి గేట్లు దించడం ఇక్కడి ఉద్యోగధర్మం. గేటు ఆలస్యమైతే వరిపొలాల్లోకి ఉప్పునీరు వస్తుంది. సైరన్ ఆలస్యమైతే బురదమేటల మీద గుల్లలేరుకునే ఆడవాళ్ళను నీరు వెనకనుంచి చుట్టేస్తుంది.

ఈ భయమే వారి ఉద్యోగజీవితానికి తొలి గురువు. 1998లో ఆపరేటరుగా, 2004లో ఇన్‌ఛార్జిగా పదోన్నతులు పొందినా, పందొమ్మిదేళ్ళపాటు వారు ఒక్క ఆదివారమైనా సెలవు తీసుకోలేదు. దైవభక్తి లేకనా అంటే, కాదు. తెల్లవారకముందే చర్చికి వెళ్ళి భర్తను, బిడ్డ సువాన్‌ను, ఊరి పొలాలను దేవుడికి అప్పగించి వచ్చేవారు. గేట్లను మాత్రం అప్పగించేవారు కాదు. దేవుడి పేరెత్తితేనే మూతి తిప్పే అత్తగారు బున్‌నే గారు గుల్లల బుట్ట సర్దుకుంటూ, "నీ దేవుడు ఏడో రోజు పని మానేశాడట కదే, నీకేం వచ్చింది మాయరోగం? ఆయన కంటే నీకే పనెక్కువా?" అని దెప్పేవారు. ఇన్‌సుక్ గారు గేటుకు బయల్దేరేవారు.

2010 శరత్కాలంలో వారి భర్త సంగ్‌దే గారిని చర్చి పెద్దగా నియమించే ఆదివారం వచ్చింది. ఆనాడైనా భర్త పక్కన కూర్చోకపోతే బాగుండదని, దక్షిణ తీరంనుంచి బదిలీపై వచ్చిన కూ బొన్‌జే గారికి గేట్లు అప్పగించారు. పొద్దున పండుగలకు కట్టే హన్‌బోక్ దుస్తుల ముడులు బిగించుకునే హడావుడిలో ఉండగా ఆయన ఫోను చేశారు.

"అమ్మా, ఇవాళ ఏడో పోటే కదా?"

"ఆఁ, అంతే. జాగ్రత్త బాబూ."

పోట్ల లెక్క తెలిసినవారికి ఈపాటికి గుండె జారి ఉంటుంది. అమావాస్య, పున్నములను బట్టి రోజుకొకటిగా లెక్కించే ఈ సంఖ్యల్లో, ఆనాటి తిథిని మన తీరంలో ఆరో పోటంటే దక్షిణాన ఏడో పోటంటారు. మన పట్టికలో తేదీలుండేవి కావు, పోటు సంఖ్యలే ఉండేవి. బొన్‌జే గారు తమ ఊరి లెక్కన ఏడో వరుస చూశారు. అందులో పోటు తిరిగే వేళ యాభై నిమిషాలు ఆలస్యం.

చర్చిలో అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించే ఘట్టం మొదలైంది. ఆ హోరులో సైరన్ కోసం చెవులు రిక్కించిన ఇన్‌సుక్ గారికి ఫోనులోని "ఏడు" అప్పుడు తగిలింది. "సైరన్! సైరన్ మోగలేదు!" అని అరిచారు. పక్కావిడ కళ్ళు మూసుకునే, "ఆమేన్! ఆమేన్!" అంది. ఆ హోరులో ఎవరి కేక ఎవరికి వినపడుతుంది?

పరుగున వెళ్ళి భర్త చెయ్యి పట్టుకున్నారు. "సువాన్ నాన్నా, కారు తియ్యండి. అత్తయ్య మేట మీదుంది."

ఆయన కారు తాళాలు తీసుకుని లేచారు.

వారు కట్ట చేరేసరికి సైరన్ మోగుతోంది. నీటి తీరు చూసి బొన్‌జే గారు పట్టికను పక్కన పడేసి ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగానైనా సైరన్ మోగించి గేట్లు దించారు. ఆడవాళ్ళందరూ ఒడ్డెక్కారు, ఒక్కరు తప్ప. డెబ్బై రెండేళ్ళ బున్‌నే గారు మోకాళ్ళదాకా కూరుకుపోయి ఉన్నారు. నీరు నడుముదాకా వచ్చింది. బొన్‌జే గారు బురద మీద జారే పలకపై బోర్లా పడుకుని, ఆమె చంకల్లో చేతులేసి లాగుతున్నారు. చూస్తూ నిలబడడం తప్ప ఇన్‌సుక్ గారు చేయగలిగిందేమీ లేకపోయింది.

ఒడ్డున పడ్డాక బున్‌నే గారు మొదట అన్న మాట, "ఏమిటే ఆ ఏడుపు! ఈయన లాగాడు, నేనొచ్చాను. నువ్వొచ్చి చేసిందేముంది?"

"తప్పు నాదేనమ్మా," అన్నారు బొన్‌జే గారు.

"కాదు. మీరడిగారు, నేను అవునన్నాను," అన్నారు ఇన్‌సుక్ గారు.

మరునాడే పట్టికలో తేదీల గడి చేరింది. ఇక ఆవిడ ఆదివారాలు గేటు వదలరని మేమందరం అనుకున్నాం. రెండు వారాలకు మళ్ళీ ఆదివారం ప్రార్థన వేళకే పాటు పడింది. గుమ్మంలో అత్తగారు బుట్టతో నిలబడ్డారు.

"చర్చికా, గేటుకా?"

"చర్చికే అత్తయ్యా. బొన్‌జే గారున్నారు."

"అయితే నేను మేట మీదికి. నువ్వతన్ని నమ్మకపోతే చెప్పు, ఇంట్లోనే పడుంటాను."

ఇన్‌సుక్ గారు ఆమె బుట్ట తాడు సరిచేసి, "వెళ్ళి రండి," అన్నారు. తమ ముప్పై నాలుగేళ్ళ సేవలో అంతగా భయపడి పలికిన మాట మరొకటి లేదని వారే మాతో చెప్పారు. ఆ రోజు ప్రార్థనలో వారి నోట "అత్తయ్య, అత్తయ్య" తప్ప మరో మాట రాలేదట. నిమిషం తప్పకుండా సైరన్ మోగింది. ప్రసంగం సగానికి రాకముందే ఇన్‌సుక్ గారు భర్త భుజం మీద నిద్రపోయారు. ఎవరూ లేపలేదు.

నాటినుంచి వారి ఆదివారాలు వారివే అయ్యాయి. భయం పోయిందా అని అడిగితే, "ఎక్కడ పోతుంది? దాన్నీ వెంటబెట్టుకునే వెళ్ళి కూర్చుంటా," అంటారు.

2025 జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్న ఇన్‌సుక్ గారికి సహోద్యోగులందరి పక్షాన నమస్సులు. వారికి, వారి కుటుంబానికి భగవంతుడు సంపూర్ణారోగ్యాన్ని, నిండు నూరేళ్ళ ఆయుస్సును ప్రసాదించాలి. జూలై ఒకటినుంచి ఏడు రోజులూ గేట్లు మా చేతుల్లోనే ఉంటాయి. అమ్మా, మేం పొరపాట్లు చేసే మనుషులమే, మాకు భయంగానే ఉంది. అయినా మీరు నిద్రపోండి.