టీవీ చెప్పిన చావు

వెళ్ళలేదయ్యా, నేను వెళ్ళలేదు. ఎందుకెళ్ళాలి? ముందు వరసలో నాకు కుర్చీ వేశారట. పూలదండ నా చేత్తో పెట్టించాలట. ఊరి మొదట్లో కొత్త రాయి నిలబెట్టి, దాని మీద నీ పేరు యురాయ్ అని చెక్కారు. యురాయ్! ఎవడయ్యా ఆ యురాయ్?

నది అవతల సెర్బులు పెట్టిన రాయి మీదేమో జోర్జే అని ఉందట. ఇక్కడ క్రొయాట్లకి యురాయ్, అక్కడ వాళ్ళకి జోర్జే. మీ అమ్మ పెట్టిన పేరు ద్యూరా కదా? నేను కాపురం చేసినన్నాళ్ళూ పిలిచింది ద్యూరా అనే కదా? ఆ పేరున్న రాయి నీ సమాధి మీది ఇదొక్కటే. దీనికేమో నాచు పట్టి చస్తోంది. ఉండు, గీకనీ.

మేయరు ఇంటికొచ్చాడు పిలవడానికి. కుర్రాడే, మర్యాదస్తుడే. "మెలానా పిన్నీ, ఆయన మన ఊరి అమరవీరుడు" అన్నాడు. "మీ అమరవీరుడు పుచ్చకాయలు అమ్ముకోవడానికి బయల్దేరాడు నాయనా" అన్నాను. నవ్వి, నా చెయ్యి నిమిరాడు. ముసలిదానికి మతి తప్పిందనుకున్నాడు.

నీకేం, హాయిగా పడుకున్నావు. నువ్వు పోయాక ఏమేం జరిగిందో ఇన్నేళ్ళూ సగం చెప్పి సగం మింగాను. ఇవాళ మొత్తం చెప్తాను, విను. మధ్యలో టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయే అలవాటు నీకు ఎలాగూ పోయింది.

ఆ వేసవి గుర్తుందా? తొంభై ఒకటి, దేశం ముక్కలవుతున్న ఏడాది. మన గోడకి ఇటు పక్క రదోయ్కా, ఆవిడ మొగుడు మిలెంకో, సెర్బులు. అటు పక్క మాందా, క్రొయాటు. మధ్యలో మనం, రుసీన్లం, ఎవరి జాబితాకీ అక్కర్లేని పిడికెడు మంది. పొద్దున్నే ముగ్గురాడవాళ్ళం మన వరండాలో ఒకే గిన్నెలో కాఫీ కాచుకునేవాళ్ళం. ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు.

ఆ వేసవిలోనే కదా యాంటెన్నాలు తలో వైపుకీ తిరిగింది! రదోయ్కాది తూర్పుకి, సెర్బుల టీవీ కోసం. మాందాది పడమరకి, క్రొయాట్ల టీవీ కోసం. ఎక్కి తిప్పిందెవరు? నువ్వే. మిలెంకోకి మోకాళ్ళ నొప్పులు, మాందాకి మొగుడు లేడు. ఇంటి పైకప్పు మీద నుంచి అరిచేవాడివి. "బొమ్మ వచ్చిందా?" "రాలేదు!" "ఇప్పుడో?" "వచ్చింది వచ్చింది, ఇంక దిగు, పడి చస్తావు!"

బొమ్మ వచ్చింది. బొమ్మతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. ఒకరోజు కాఫీ తాగుతూ తాగుతూ మాందా, "నిన్న చూశావా, మీవాళ్ళు ఏం చేశారో" అంది రదోయ్కాతో. మీవాళ్ళు! ఆ మాట మన వరండాలో అంతకుముందు ఎప్పుడైనా విన్నామా? రదోయ్కా కప్పు కింద పెట్టి, "అది మీవాళ్ళే చేశారట, మా దాంట్లో చెప్పారు" అంది. నేను మధ్యలో కూర్చుని చక్కెర కలుపుతున్నాను. ఆ కాస్తా కలిపి కలిపి పాకం చేసేశాను.

తర్వాత ఆగస్టు. ట్రాలీ నిండా పుచ్చకాయలు వేసుకుని బయల్దేరావు. బ్రేకు బాగా లేదని చెప్పానా లేదా? "వచ్చాక చూస్తాలే." వచ్చావు మరి! కాలవ మలుపులో ట్రాక్టరు బోల్తా కొట్టింది. అది బోల్తా కొట్టడం మిలెంకో తన పొలంలోంచి కళ్ళారా చూశాడు. పరిగెత్తుకెళ్ళి చక్రం ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. అప్పుడు నాకోసం పరిగెత్తాడు, ఆ మోకాళ్ళు ఈడ్చుకుంటూ. ఇంకెవరున్నారు అక్కడ? ఎవరూ లేరు.

నేను వచ్చేసరికి తెల్ల కారొకటి దుమ్ము రేపుకుంటూ పోతోంది. లోపల కెమెరా వాళ్ళు. దారినపోతూ ఆగి, నిన్ను తీసుకుని వెళ్ళిపోయారు. నిన్నంటే నీ బొమ్మని. చక్రం కింద నుంచి నిన్ను లాగుదామని ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. నాకప్పుడు అదేం పట్టలేదు. నువ్వలా పడి ఉన్నావు, రోడ్డంతా పుచ్చకాయలు పగిలి ఎర్రగా, దాని మీద కందిరీగలు.

నీకు స్నానం ఎవరు చేయించారో తెలుసా? మేం ముగ్గురమే. రదోయ్కా నీ జుట్టులోంచి గడ్డిపరకలు ఏరింది. మాందా నీ గోళ్ళు శుభ్రం చేసింది. ఛాతీ లోపలికి నొక్కుకుపోయి ఉంది, టైరు అచ్చు చర్మం మీద దిగిపోయింది. తూటా దెబ్బ అంటూ ఒక్కటి లేదు. పగలకుండా మిగిలిన పుచ్చకాయలు మిలెంకోయే ఏరి తెచ్చాడు, నీ కర్మ భోజనంలో అందరం తిన్నాం. తియ్యగా ఉన్నాయి. చెప్పకూడదు గానీ, చాలా తియ్యగా ఉన్నాయి.

యాంకో రాలేకపోయాడు. వాడుండే ఓసియెక్ పట్నం నుంచి వచ్చే దారిలో చెట్లు నరికి అడ్డంగా పడేశారు. ఉన్న ఒక్క కొడుకూ రాకుండానే నీకు మట్టి వేశాం.

మట్టి ఇంకా ఆరలేదు. ఒకరోజు పొద్దున్న రదోయ్కా వచ్చింది. చేతిలో కప్పు లేదు. అప్పుడే అనుకున్నాను ఏదో అయిందని.

"నిన్న రాత్రి చూపించారు మెలానా. ద్యూరాని. జోర్జే అన్నారు గానీ ద్యూరానే. క్రొయాట్లు కాల్చి చంపేశారట. సెర్బు రైతుని."

"సెర్బు ఏంటే, మతి పోయిందా నీకు? ట్రాక్టరు పడి పోయాడు కదే! నువ్వు కడగలేదూ?"

"కడిగాను. ఏడుస్తూ కడిగాను. ఏడుపులో ఏం కనపడుతుంది?"

"మరి మీ ఆయన? ఆయన చూశాడుగా!"

"ఆయనకి భయం. భయపడి ట్రాక్టరు అంటున్నాడు." ఇంకా ఏమందో తెలుసా? "టీవీలో రోడ్డంతా ఎంత రక్తం మెలానా! అంత రక్తం నేను అక్కడ చూడనే లేదు" అంది.

"అది పుచ్చకాయే! నువ్వు తిన్నావు కదే ఆ పుచ్చకాయ!"

నా వైపు జాలిగా చూసింది. అవునయ్యా, జాలిగా. మొగుడు పోయిన దుఃఖంలో దీనికి నిజం తెలియడం లేదు పాపం అన్నట్టు.

గోడ అవతల మిలెంకో అరుస్తూనే ఉన్నాడు. "నేను చూశానే, నా కళ్ళతో చూశానే!" పెళ్ళామే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? ఆ వారంలోనే ఎవరో కుర్రాళ్ళు జీపులో వచ్చి, జోర్జే పేరు చెప్పి మాందా గడ్డివాముకి నిప్పు పెట్టారు. వాము నుంచి కొట్టం, కొట్టం నుంచి ఇల్లు. మాందా రెండు మూటలతో బండెక్కింది. ఎక్కుతూ నన్ను చూసి, "నువ్వైనా చెప్పి ఉండాల్సింది" అంది.

చెప్పలేదా? చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. సెర్బుల ఆఫీసుకెళ్ళాను, అక్కడ పెద్ద మీసాల ఆఫీసరు నాకు బ్రాందీ పోసి, "నిన్ను బెదిరించి ఇలా చెప్పిస్తున్నారమ్మా, మాకు తెలుసు" అన్నాడు. బెదిరించింది ఎవరు? ట్రాక్టరా?

ఆ తర్వాత పడమటి టీవీ. అదే బొమ్మ! నీ అదే చొక్కా, అదే రోడ్డు. వీళ్ళు వాళ్ళ దగ్గర కొన్నారో, దొంగిలించారో, నాకేం తెలుసు. ఇప్పుడు నువ్వు యురాయ్‌వి, క్రొయాటు రైతువి, సెర్బులు చంపేశారు. తూర్పువాళ్ళు కోసి పారేసిన ముక్కొకటి వీళ్ళు చూపించారు. దూరంగా, పొద్దుతిరుగుడు చేను పక్కగా, ఒక మనిషి కుంటుకుంటూ పరిగెత్తుతుంటాడు. "పారిపోతున్న హంతకుడు" అని రాశారు కింద.

నా కోసం పరిగెత్తుతున్నాడయ్యా! నన్ను పిలవడానికి!

ఆ నడక పోల్చడానికి మన యాంకోకి ఎంతసేపు పడుతుంది? వాడికి నదిలో ఈత నేర్పినవాడు మిలెంకో. ఆ వీపు మీద ఎక్కి కదా వాడు నీళ్ళలోకి దిగింది.

నాలుగో వారానికేమో, దారి తెరుచుకుంది. పట్టపగలు, మధ్యాహ్నం. యాంకో వచ్చాడు, వెనక ముగ్గురు, భుజాలకి తుపాకులు. నేను అన్నం కోసం వచ్చాడనుకున్నాను, నిజంగా. లోపలికెళ్ళి గిన్నె దించబోయాను. వాడు మన గుమ్మం తొక్కకుండా ఇటు గోడ వైపు నడిచాడు.

పరిగెత్తి అడ్డం నిలబడ్డాను. "మీ నాన్న ట్రాక్టరు కింద పడి పోయాడురా. ఒట్టు. నీ మీద ఒట్టు."

"అమ్మా, పడ్డప్పుడు నువ్వు అక్కడున్నావా?"

"లేను. మిలెంకో ఉన్నాడు. ఆయనే చెప్పాడు."

"వాడు కాక ఇంకెవడు చెప్తాడు ఆ మాట! నువ్వు లేవు. కెమెరా ఉంది. నువ్వు విన్నావు, నేను చూశాను."

"నేను కడిగానురా ఆ ఒంటిని, ఈ చేతుల్తో..."

"తప్పుకో అమ్మా."

గట్టిగా తోసెయ్యలేదు. అది మాత్రం చెప్పాలి. భుజాలు పట్టుకుని, పక్కకి జరిపి, కుర్చీ జరిపినట్టు జరిపి వెళ్ళాడు.

మిలెంకో రేగుచెట్టు నీడలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. వీణ్ణి చూడగానే మొహం వెలిగిపోయింది. "యాంకో! వచ్చావా నాన్నా! దారి తెరిచారా? రా రా, మీ నాన్న సంగతి నీకు నేనే చెప్పాలి, ఆఖర్న చూసింది నేనే" అంటూ లేవబోయాడు. ఆ మోకాళ్ళతో ఒక్కసారే లేవలేడు కదా. వాళ్ళే చెరో చెయ్యి పట్టి లేపారు. లేపుతున్నందుకు "బతకండి బాబూ" అన్నాడు.

చేను గట్టు మీద దొరికాడు.

రదోయ్కా అరిచిన అరుపు నేను ఇంకెక్కడా వినలేదు. నా దగ్గరికి రాలేదు. నేను వెళ్తే తలుపు తియ్యలేదు. ఆయనకి స్నానం ఒక్కతే చేయించుకుంది. తర్వాత నది దాటి పోయింది. చాలా ఏళ్ళకి ఎవరో నంబరిస్తే ఫోను చేశాను. "నేను, మెలానాని" అన్నాను. "ట్రాక్టరే కదూ?" అంది. "ట్రాక్టరే" అన్నాను. పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

నీ కొడుకా? బానే ఉన్నాడు. మిలెంకో సంగతి వాణ్ణెవరూ అడగలేదు. నేనొక్కదాన్నే అడుగుతాను, నాకు జవాబు చెప్పడు. ఇవాళ కొత్త రాయి దగ్గర మైకులో మాట్లాడాడు, గాలికి ఇక్కడిదాకా వినిపించింది. నీ గురించే. బాగా మాట్లాడాడు. నువ్వు ఎప్పుడూ అనని మాటలు చాలా అన్నావట.

ఏటా ఈ రోజున ఆ బొమ్మ వేస్తారు టీవీలో. ఏటా. చూడను చూడను అనుకుంటూనే... సరే, నీ దగ్గర దాపరికం ఏంటి. ఒక సంగతి చెప్తాను, నవ్వకు.

నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా, ఆ రోజు, కాలవ దగ్గర, నువ్వెలా ఉన్నావో కళ్ళ ముందుకొస్తుంది కదా. వస్తుంది. కానీ నేను నీ తల దగ్గర కూర్చున్నాను కదయ్యా, తల ఒళ్ళో పెట్టుకుని. అక్కడ నుంచి రావడం లేదు. రోడ్డు మధ్య నుంచి, ఎత్తు నుంచి కనపడుతున్నావు. నేను నిలబడని చోటది. కెమెరా నిలబడిన చోటు. నా ఒళ్ళో ఉన్న మొహం ఎలా ఉందో ఎంత తలుచుకున్నా రావడం లేదు. చేతులకి గుర్తుండాలి కదా? ఉన్నట్టే ఉంటుంది, ఉండదు.

ఇంకోటి. ఈ మధ్య... అసలు అడగకూడదు, తప్పు. నీ మీద టైరు అచ్చు చూసినదాన్ని. అయినా అడుగుతున్నాను. ఆ రోజు అక్కడ ఇంకెవరైనా వచ్చారా ద్యూరా? నిజం చెప్పు. ఎవరికీ చెప్పను. ట్రాక్టరేనా?

చెప్పవులే. బతికున్నప్పుడు మాత్రం అడిగినదానికి ఎప్పుడు తిన్నగా చెప్పావు.

సరే, ఎండ వాలింది. లేస్తాను. వార్తల వేళయింది, ఇవాళ నిన్ను తప్పకుండా వేస్తారు. కట్టేద్దామనే అనుకుంటాను. కానీ మన పెళ్ళి ఫొటోలో నువ్వు కళ్ళు మూసుకున్నావు, మిగతావన్నీ ఆ యుద్ధంలో మన పాత ఇంటితో పాటు పోయాయి. గాలికి నీ చొక్కా కదలడం, జుట్టు కదలడం చూడాలంటే ఇంకెక్కడ చూడను?