తడబడిన వాక్యం

అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ గది. వియత్నాంలో బందీలను విడిపించిన ఒక సాహసం గురించిన పుస్తకాన్ని ఆడియో పుస్తకం కోసం పొద్దుటి నుంచి మైకు ముందు చదువుతున్న పెద్దాయన, ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. అద్దానికి అవతల రికార్డింగ్ చూసుకుంటున్న అమ్మాయి పలకరించింది.

“ఏమైందండీ? నీళ్ళు కావాలా?”

“ఈ రేడియో సిపాయి, హార్లన్ ప్రూయిట్, కాపలాలో నిద్రపోయాడని రాశారు. అందువల్లే ముగ్గురు పోయారట.”

“అవును. చదివేయండి.”

“ఆయన మా నాన్న.”

“మీ ఇంటిపేరు అది కాదుగా?”

“నాది నాటకాల కోసం పెట్టుకున్న పేరు. ఆయన నిద్రపోలేదమ్మా. రేడియో చెడిపోయి హెచ్చరిక పంపలేకపోయాడు. పోయేదాకా అదే చెప్పాడు.”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“పక్కనున్నవాడు అక్కడే పోయాడు.”

“మరి నేనేం చెయ్యనండీ? ఒక్క మాట మార్చినా పుస్తకం వేసినవాళ్ళు ఒప్పుకోరు. మీరు వద్దంటే ఇంకొకరితో చదివిస్తారు.”

“మా అమ్మకి చూపు లేదు. నేను చదివినవన్నీ వింటుంది. ఇది నాన్న వెళ్ళిన యుద్ధం కథని నేనే చెప్పాను. ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది.”

“వినిపించకండి.”

“పక్కింటావిడ వినిపిస్తుంది. నా గొంతు కాకపోతే ఎవరిదో పరాయి గొంతులో వింటుంది.”

ఆ అమ్మాయి మళ్ళీ రికార్డింగ్ మొదలుపెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యం చదివాడు.

“ఏమనుకోకండి. పేరు దగ్గర గొంతు వణికింది, సరిగ్గా వినపడలేదు. ఇంకొక్కసారి.”

ఆయన గుక్కెడు నీళ్ళు తాగి, తండ్రి పేరును ఈసారి స్పష్టంగా పలికాడు.

“బాగా వచ్చిందండీ,” అంది ఆ అమ్మాయి, తలెత్తకుండా.